ఒక రచయిత్రి పేరిట బహుమతి



రాచపుండు అన్నమాట మన ఇళ్ళల్లో ఇప్పటికీ గొంతు తగ్గించే అంటాం. మా పిన్ని ఒకావిడ రొమ్ములో గడ్డ సంగతి ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి ఆలస్యమైపోయింది. అందుకే ఈవేళ రోజ్ కుష్నర్ గారి కథ చెబుదామనుకున్నాను.

ఈవిడ అమెరికాలో పత్రికా రచయిత్రి. 1974లో రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. ఆ రోజుల్లో అక్కడి పద్ధతేమిటంటే, మత్తుమందిచ్చి గడ్డను పరీక్షించేవారు. క్యాన్సరని తేలితే అదే మత్తులో రొమ్ము తీసేసేవారు. ఉందో పోయిందో మెలకువ వస్తేగాని తెలీదన్నమాట! ముందు పరీక్ష మాత్రమే చెయ్యండి, తరవాతి సంగతి ఆలోచించుకుంటానని ఈవిడ పట్టుబట్టారు. ఎందరో సర్జన్లు కాదన్నారు. ఒప్పుకునే డాక్టరు దొరికేదాకా ఆవిడ వదల్లేదు.

తన అనుభవమూ, చదివి తెలుసుకున్నదీ కలిపి 1975లో పుస్తకం వేశారు. 1979లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వేసిన నిపుణుల సంఘంలో వైద్యులు కాని సభ్యురాలు ఆవిడ ఒక్కరే. పరీక్ష వేరు, ఆపరేషను వేరుగా జరగాలని ఆ సంఘం తేల్చింది.

1990లో ఆవిడ ఆ జబ్బుతోనే పోయారు. తరవాత అమెరికా వైద్య రచయితల సంఘం, రొమ్ము క్యాన్సరు గురించి మంచి రచనలు చేసినవారికి ఆవిడ పేరిట బహుమతి ఇచ్చింది.

ఆవిడ ఏ మందూ కనిపెట్టలేదు. తెలిసింది దాచుకోకుండా నలుగురికీ చెప్పారు, అంతే. గడ్డలన్నీ క్యాన్సర్లు కావమ్మా. కాని ఏది అవునో ఏది కాదో తేల్చాల్సింది డాక్టరు. మన సిగ్గు కాదు.