కారెంపూడి వీరారాధన: కథాక్రమం, ఉత్సవక్రమం

పల్నాడులో చూడదగిన స్థలాలను పేర్కొనేవారు నాగార్జునకొండ, ఎత్తిపోతల, మాచర్ల చెన్నకేశవాలయం, కోటప్పకొండలతో పాటు కారెంపూడి వీరుల గుడినీ చేరుస్తారు. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోనున్న ఇక్ష్వాకుల నాటి కట్టడాలు కొన్నింటిని తరలించి ద్వీపంపైనా అనుపులోనూ పునర్నిర్మించారు. కారెంపూడి ప్రాముఖ్యం మాత్రం కట్టడంలో కంటె, నాగులేటి ఒడ్డున ఏటా జరిగే వీరారాధనలో ఉంది. ఆ ఉత్సవక్రమాన్ని కథాక్రమంతో పోల్చి చూడటం ఈ వ్యాసోద్దేశం.

12వ శతాబ్ది ఉత్తరార్ధంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన యుద్ధగాథ మూడు రూపాల్లో నిలిచింది. శ్రీనాథ కృతంగా ప్రసిద్ధమై, 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన ద్విపద మొదటిది. వీరవిద్యావంతులు గానం చేసే మౌఖిక కథ రెండవది. కార్తిక అమావాస్యతో మొదలయ్యే ఐదు రోజుల ఉత్సవం మూడవది. మొదటి రెండింటికి లభించిన సాహిత్య పరిశీలన మూడవదానికి లభించలేదు.

కథలో కోడిపోరులో ఓటమి వల్ల మలిదేవాదులు వనవాసానికి వెళతారు. ఆ కాలంలో బ్రహ్మనాయుని ఆలమందలపై దాడి జరుగుతుంది, అదే మందపోరు. గడువు తీరాక రాయబారిగా వెళ్లిన అలరాజు హతుడు కావడంతో యుద్ధం అనివార్యమవుతుంది. ఉత్సవంలో మాత్రం రాచగావు తరువాత రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు వరుసగా వస్తాయి. అనగా యుద్ధానికి ముందరి మూడు ఘట్టాలూ సరిగ్గా తలకిందులయ్యాయి.

జనాకర్షణ కోసమే కోడిపోరును చివరికి జరిపారనుకోవచ్చు. అయితే రాయబారం మందపోరు కంటె ముందుకు రావడానికి ఆ కారణం చాలదు. యుద్ధానికి సమీప కారణమైన రాయబారం నుంచి మూలకారణమైన కోడిపోరు వరకు వెనుకకు నడిచి, ఆపై వీరమరణ స్మరణకు చేరే క్రమంగా దీనిని అన్వయించడం సమంజసం. కావ్యం జరిగినదాన్ని చెబుతుండగా, ఆరాధన అది ఎందుకు జరిగిందో వెదుకుతున్నది.

మందపోరునాటి చాపకూడు కూడా ఈ అన్వయంలో విశేషార్థం పొందుతుంది. బ్రహ్మనాయుడు ప్రవర్తింపజేసినట్లు చెప్పే కులభేదం లేని సహపంక్తి భోజనం ఇక్కడ వైరకారణాల నడుమ నిలుస్తున్నది.

కనుక కారెంపూడి ఉత్సవాన్ని వీరచరిత్రకు ఒక పాఠాంతరంగా పరిగణించాలి. సందర్శకుల సౌకర్యార్థం దానిని ఒక్కరోజు ప్రదర్శనకు కుదిస్తే, ఈ పాఠంలో అర్థానికి ఆధారమైన వరుసే లోపిస్తుంది.