తేలికపాటి ల్యాప్‌టాప్ మేలా, బరువైనదా?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అనేకం మరమగ్గాలపై ఆధారపడి జీవిస్తున్నాయి. ఆ ఇళ్ల నుంచి చీరల డిజైనింగ్ వైపు వెళ్లదలచిన యువతకు ల్యాప్‌టాప్ ఎంపిక పెద్ద ఖర్చుతో కూడిన నిర్ణయం.

13, 14 అంగుళాల తెర గల తేలికపాటి యంత్రం సుమారు 1.2 నుంచి 1.5 కిలోలు తూగుతుంది. డెస్క్‌టాప్‌కు బదులుగా వాడే 16, 17 అంగుళాలది 2.5 నుంచి 3 కిలోలు; ఛార్జర్ బరువు అదనం. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘యు’ ఉంటే విద్యుత్తు పొదుపు రకం, సాధారణంగా 15 వాట్లు. ‘హెచ్‌ఎక్స్’ అయితే 55 వాట్లు. ఆ విద్యుత్తంతా చివరకు వేడిగా మారుతుంది గనుక పెద్ద యంత్రానికి పెద్ద ఫ్యాన్లు తప్పవు. మగ్గాల షెడ్డులో ఎగిరే దారపు నూగు వాటిలో పేరుకుంటే యంత్రం వేడెక్కి వేగం తగ్గుతుంది. అమ్మేవారు ఈ మాట అరుదుగా చెబుతారు. ఛార్జర్ తీసివేసినప్పుడూ పూర్తి వేగం అందదు.

అనేక పొరలున్న డిజైన్లకు 32 జీబీ మెమరీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. తేలికపాటి వాటిలో చాలావరకు మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది, తరువాత పెంచలేరు. తెర నాణ్యతను మాత్రం రెండింటిలోనూ పరీక్షించవలసిందే. తెరపై చూసిన రంగు బట్టపై మారితే నష్టం డిజైనర్‌దే.

నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఎప్పుడో ఒకసారి వరంగల్ వెళ్లి రావడానికి బరువైనదీ అడ్డు కాదు. రోజూ కళాశాలకు మోయడమే కష్టం.