తీర భద్రత: వీరాంపట్టినం తీరం నుంచి ఒక పరిశీలన

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోటికి చేరువలో వీరాంపట్టినం మత్స్యకార గ్రామం ఉంది. పొరుగునే అరికమేడు. 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలలో రోమన్ వర్తకపు ఆనవాళ్లు వెలుగుచూసిన రేవు అది. సరుకు దిగే చోట సుంకం వసూలుచేసేవారూ, దానిని తప్పించుకునేవారూ ఆనాటి నుంచే ఉండి ఉంటారు.

దేశ అంతర్గత భద్రతకు ఎదురయ్యే ముప్పులలో ఉగ్రవాదాన్నీ వ్యవస్థీకృత నేరాన్నీ వేర్వేరుగా పరిగణించడం పరిపాటి. మొదటిదాని లక్ష్యం రాజకీయం, రెండవదానిది లాభం. తీరంలో మాత్రం రెండింటి దారీ తరచూ ఒక్కటే. 1993 మార్చి 12న ముంబయిలో 257 మందిని బలిగొన్న పేలుళ్లకు వాడిన సామగ్రి రాయగఢ్ తీరంలో దొంగరవాణా ముఠాల ద్వారానే దిగింది. 2008 నవంబరు 26 దాడికి వచ్చిన పదిమంది 'కుబేర్' అనే చేపల పడవను అపహరించి ముంబయి చేరువకు వచ్చారు. కోరమండల్ తీరానికీ అటువంటి అనుభవం ఉంది. రాజీవ్ గాంధీ హంతక బృందం 1991 మే నెలారంభంలో శ్రీలంక నుంచి పడవలో కోడియక్కరై వద్ద దిగింది.

తీర భద్రతా పథకాన్ని కేంద్రం 2005లో చేపట్టింది. 9 తీర రాష్ట్రాలతో పాటు పుదుచ్చేరి సహా 4 కేంద్రపాలిత ప్రాంతాలు దాని పరిధిలోకి వచ్చాయి. ముంబయి దాడి అనంతరం, 2009లో, మొత్తం సముద్ర భద్రత బాధ్యతను నౌకాదళానికి అప్పగించారు. 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలు తీర రక్షక దళం బాధ్యత. తీరానికి దగ్గరి గస్తీ మెరైన్ పోలీసులది. అయినా ఒక లోటు మిగిలింది. స్వయంచాలక గుర్తింపు పరికరం 20 మీటర్లకు మించిన నౌకలకే తప్పనిసరి. వీరాంపట్టినం ఇసుకపై బారులుతీరే ఫైబరు పడవలు ఆ కొలతకు రావు. అందుకే జాలరులే నిఘాకు కళ్లూ చెవులూ కావాలని అధికారులు కోరుతున్నారు.

ఆ జాలరులే నేరానికి బలవుతున్నారు కూడా. 2023 మేలో, పుదుచ్చేరికి ఉత్తరాన మరక్కాణం దగ్గరి ఎక్కియార్‌కుప్పం అనే మత్స్యకార గ్రామంలో మిథనాల్ కలిసిన సారా తాగి పదిమందికి పైగా మరణించారు. మద్యంపై పన్నుల వ్యత్యాసం ఉన్నంతకాలం సరిహద్దు దాటించే ముఠాలకు పని ఉంటుంది. పుదుచ్చేరిలో భాగమైన యానాం నుంచి మద్యం గోదావరి జిల్లాలకు తరలడం ఆంధ్ర శ్రోతలకు కొత్త వార్త కాదు.

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షను వ్యవస్థీకృత నేరాన్ని దేశవ్యాప్త శిక్షాస్మృతిలో తొలిసారి నిర్వచించింది. ఇద్దరున్నా ముఠాయే. కనీస శిక్ష 5 ఏళ్ల జైలు, 5 లక్షల రూపాయల జరిమానా. ప్రాణనష్టం జరిగితే మరణశిక్షకూ అవకాశం ఉంది.

చట్టం కన్నా సున్నితమైనది నమ్మకం. 2021 ఆగస్టులో, విశాఖలో రింగువలగా పిలిచే సురుక్కు వల విషయమై వీరాంపట్టినం, నల్లవాడు జాలరులు సముద్రంలో తలపడగా పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపారు. విశాఖలోనూ 2022 జనవరిలో ఇదే వివాదంలో పడవలు దగ్ధమయ్యాయి. వలల తగవులను శాంతిభద్రతల సమస్యగా మాత్రమే చూస్తే పోలీసులకూ జాలరులకూ మధ్య దూరం పెరుగుతుంది. వేకువన వేటకు వెళ్లినవారికి అపరిచిత పడవ ఎదురైతే, మెరైన్ పోలీసులకు 1093, తీర రక్షక దళానికి 1554 నంబర్లలో సమాచారం ఇవ్వవలసింది వారే.