కట్టుబట్టల లెక్క

ఉగాది వెళ్ళిన తరువాత మన ఇండ్లలో ఏటేటా ఒక పని ఆరంభమవుతుంది. శాలువలను, ఉన్నిబట్టలను ఎండలో వేసి, మడతల నడుమ వేపాకు ఉంచి, పెట్టె అడుగుకు చేరుస్తాము. వేసవికి ఏమి కట్టుకోవలెనని బీరువా తెరుస్తాము. బీరువా నిండుగానే ఉంటుంది. కాని రోజూ కట్టుకొని పనికి పోవుటకు తగినవి వెదికితే నాలుగు కనబడవు. పెండ్లికని కొన్నవి, మోజుపడి కొన్నవి, ఎవరో పెట్టినవి, ఇప్పుడు బిగుతైనవి మాత్రము దొంతరలుగా కనబడతాయి. మన తాతముత్తాతల నాడు కుటుంబమంతటి బట్టలు ఒక కొయ్యపెట్టెలోను, ఒక దండెము మీదను ఇమిడిపోయేవి. ఈ రెంటి నడుమ జరిగినదేమిటో విచారించుట ఈ ప్రసంగమునకు విషయము.

పూర్వులకు బట్టలు తక్కువగా ఉండుటకు కారణము పేదరికమేనని ఒక్కమాటలో తేల్చివేయవచ్చును. అందులో కొంత నిజము లేకపోలేదు. చినిగిన చీరకు మరొక చీర ముక్క అతికి కట్టుకొన్న తల్లుల కథ మన చరిత్రలో చిన్నది కాదు. అయినప్పటికీ అది పూర్తి సమాధానము కాదు. కలవారి ఇండ్లలో సైతము పండుగ బట్టలను వేరు చేసి చూస్తే, నిత్యము వాడే బట్ట కొద్దిగానే ఉండేది. ఆ కొద్ది బట్టయే అనేక విధములుగా ఉపయోగపడేది గనుక అది చాలినది.

పురుషునికి ధోవతుల చాపు ఒకటి, ఉత్తరీయము ఒకటి, తువ్వాలు ఒకటి. ఒక ధోవతి ఒంటి మీద ఉండగా రెండవది దండెము మీద ఆరుతూ ఉండేది. పొలములో దానినే మోకాళ్ళ పైకి గోచిపోసి కట్టేవారు. పేరంటానికో, సభకో పోవునప్పుడు కుచ్చెళ్ళు జారవిడిచి కట్టేవారు. ఉత్తరీయము ఎండలో తలకు పాగా, చలిలో ఒంటికి కప్పు, సంతలో మూట, చెట్టుక్రింద పక్క. స్త్రీ చీరకొంగు కూడ అట్టిదే. కుట్టని బట్టకు కొలతలతో పేచీ లేదు. మనిషి లావెక్కినా చిక్కినా, గర్భవతి అయినా బాలింత అయినా, అదే చీర సరిపోతుంది. తల్లి చీర కూతురికి పనికివస్తుంది. పాతబడిన తరువాత బొంత అవుతుంది, పసిబిడ్డకు ఉయ్యాల అవుతుంది, చివరకు పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది.

ఋతువు మారితే ఏమి చేసేవారు? మన దేశములో బట్టకు పరీక్ష రెండు కాలములలో వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు ఒక పరీక్ష, మృగశిర ప్రవేశించిన తరువాత వానకు ఒక పరీక్ష. ఎండకు పలుచని నూలుబట్ట సమాధానము. వానకు తెలంగాణములోను, రాయలసీమలోను గొఱ్ఱెలకాపరులు కప్పుకొనే నల్లని గొంగడి సమాధానము. దక్కను గొఱ్ఱెల ముతక ఉన్నితో నేసిన ఆ గొంగడిని తలమీదుగా ముసుగువలె మడిచి కప్పుకొంటే చాలాసేపటి వరకు చినుకు ఒంటికి అంటదు. రాత్రి అదే పక్కబట్ట. కోస్తా పొలాలలో నాట్లువేసేవారికి తాటాకు గొడుగులు, జమ్ముగూడలు ఉండేవి. ఇట్టి వివరములు రాజుల శాసనములలో తక్కువ, కావ్యములలో ఎక్కువ. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఋతువర్ణనలలో సామాన్య జనుల బ్రతుకు కనబడుట అందరు ఎరిగినదే. కావ్యములనుండి ఇటువంటి జాడలనేరి సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను రచించినారు. 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము ఆ గ్రంథమునకే లభించినది.

మన బట్ట పేరు దేశాంతరములలో మారుమ్రోగుటకు కారణము మాత్రము ఈ నిత్యవస్త్రము కాదు. 13వ శతాబ్దపు చివర వచ్చిన మార్కోపోలో కాకతీయ రాజ్యములోని బట్టను సాలెపట్టు అంత సన్ననిదని మెచ్చుకొన్నాడు. మోటుపల్లి రేవుకు వచ్చే పరదేశ వర్తకులకు గణపతిదేవ చక్రవర్తి అభయశాసనము వ్రాయించి ఉన్నాడు. 17వ శతాబ్ది ఆరంభములో డచ్చివారు, ఇంగ్లీషువారు మచిలీపట్నములో దిగినది కూడ బట్టకొరకే. మన అద్దకపు బట్టల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, మరల 1721లోను నిషేధములు విధించినవి. ఇదంతయు గర్వకారణమే. అయితే సముద్రము దాటిన సన్నబట్టతో బాటు, ఊరి మగ్గము మీద ఊరివారి కొరకే నేసిన ముతకబట్ట ఒకటి ఉన్నది. చరిత్రను నడిపినది చాలవరకు ఆ ముతకబట్టయే. దీనికి సాక్ష్యము లండనులో దొరుకుతుంది.

1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి భారతదేశపు వస్త్రములను గురించి, ప్రజల వేషధారణను గురించి ఒక గ్రంథము ప్రకటించినాడు. దానితో బాటు 700 బట్ట నమూనాలను కత్తిరించి, అంటించి, 18 సంపుటములుగా కూర్పించినాడు. అట్టివి 20 ప్రతులు తయారైనవి. 13 ప్రతులు బ్రిటనులోని పట్టణములకు, 7 ప్రతులు మన దేశములోని నగరములకు పంపినారు. వాటిలో ఉన్నవి తలపాగాలు, ధోవతులు, లుంగీలు, చీరలు, రవికగుడ్డలు. ఒక్కొక్క ముక్కకు ప్రక్కన దాని పొడవు, వెడల్పు, తూకము, ఊరు, వెల వ్రాసి ఉంచినారు.

ఈ శ్రమ అంతయు దేనికి? వాట్సన్ ఉద్దేశమును దాచలేదు. ఇంగ్లండు మరలకు లాభము జరీబట్టలో లేదు. కోట్లమంది ప్రతిదినము కట్టుకొనే సాదాబట్టలో ఉన్నది. ఆ సాదాబట్ట ఎన్ని గజములు ఉండవలెను, అంచు ఎంత ఉండవలెను, కొంగు ఎక్కడ రావలెను అనునది తెలియక మాంచెస్టరు వర్తకులు పొరబడుతున్నారు గనుక, వారికి పాఠముగా ఈ సంపుటములు కూర్చబడినవి. మన అవ్వ కట్టిన చీర కొలత అక్కడి మరకు తెలిసినది. సన్నపు నేతగాడు ఎట్లో కొంత నిలదొక్కుకొన్నాడు. ఊరివారికి రోజువారీ బట్ట నేసేవానికి మాత్రము దెబ్బ నేరుగా తగిలినది. వడికే రాట్నమునకు అంతకు ముందే తగిలినది. మరనూలు చౌకగా వచ్చిన తరువాత ఇంటింట నూలు వడికి నాలుగు డబ్బులు చూచుకొనే స్త్రీలకు ఆ ఆధారము పోయినది.

ఇదే కాలములో మరొక మార్పు వచ్చినది. కచేరీ ఉద్యోగములతో కుట్టుబట్ట మన ఒంటి మీదికి ఎక్కినది. వీరేశలింగం పంతులుగారి నాటి ఛాయాచిత్రములు చూడండి: క్రింద పంచె, పైన మెడదాక బొత్తాములు పెట్టిన కోటు, తలకు పాగా. హైదరాబాదు దర్బారులో షేర్వానీ, నడుమునకు బగ్లూస్, తలకు దస్తారు. ఇవి హుందాగా ఉండేవి, సందేహము లేదు. కాని వైశాఖ మాసములో గుంటూరు కచేరీలో కోటు తొడిగి కూర్చున్న గుమాస్తాకు ఎండతో చెప్పుకొనే అవకాశము లేకపోయినది. ఇంటికి రాగానే కోటు చిలకకొయ్యకు తగిలించి, పంచెతో వసారాలో కూర్చుండేవాడు. బట్టను నిర్ణయించే అధికారము ఋతువు చేతినుండి ఉద్యోగము చేతికి పోయినది. నేటికిని మనము బీరువాలో ఇంటి బట్టలు, ఆఫీసు బట్టలు అని రెండు అరలు పెట్టుకొనుట ఆనాటి ఏర్పాటే.

ఈ వరుసలో 1921వ సంవత్సరమును ప్రత్యేకముగా చెప్పవలెను. ఆ మార్చి నెలాఖరున బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము దేశములో 20 లక్షల రాట్నములు తిరగవలెనని తీర్మానించినది. ఆ సెప్టెంబరు 22వ తేదీన మధురలో గాంధీజీ చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి కట్టినారు. విదేశీబట్ట విడువుమంటే ఖద్దరు కొనే శక్తి లేదని పేదలు చెప్పిన మాటకు వారిచ్చిన జవాబు అది. వేసవి దేశములో మనిషికి తప్పనిసరిగా కావలసిన బట్ట ఎంత అను ప్రశ్నను వారు తమ ఒంటి మీదనే పెట్టుకొని దేశమునకు చూపించినారు. మన శ్రీకాకుళము జిల్లా పొందూరులో నేటికిని కొందరు స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, అతి సన్నని నూలు వడుకుతున్నారు. ఆ బట్ట వేసవిలో ఒంటి మీద ఉన్నట్లే తోచదు.

తరువాత యుద్ధము వచ్చినది. బ్రిటనులో 1941 జూన్ 1వ తేదీనుండి బట్టకు కూపన్లు పెట్టినారు. మొదట మనిషికి ఏడాదికి 66. ఒక ఉన్ని సూటుకే 26 కూపన్లు పోయేవి. మరుసటి ఏడు జేబులు, మడతలు కూడ లెక్కగట్టి కుట్టించినారు. మన దేశములోను బట్ట కరవు తప్పలేదు. 1943లో నూలు, నూలుబట్టల నియంత్రణపు ఉత్తరువు వచ్చినది. మిల్లు గుడ్డ మీద గరిష్ఠపు ధర ముద్ర వేయవలసి వచ్చినది. 1948 జనవరిలో నియంత్రణ ఎత్తివేయగా ధరలు పెరిగినవి. ఆ ఏడాదిలోనే మరల నియంత్రణ పెట్టవలసి వచ్చినది. కొరత చెడ్డదే. కాని బట్ట కొనేముందు ఇది దేనికి, ఎన్నాళ్ళకు అని అడుగుకొనే అలవాటు ఆ తరమువారికి దానివల్లనే అబ్బినది.

స్వాతంత్ర్యము తరువాత ప్రశ్న మరల నిత్యవస్త్రము దగ్గరకే వచ్చినది. చీరలు, ధోవతులు నేసే హక్కును చేతిమగ్గమునకే విడువవలెనని మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ వాదించినారు. 1953లో మిల్లుబట్ట మీద పన్ను వేసి ఆ సొమ్మును ఖాదీకి, చేనేతకు వినియోగించే చట్టము వచ్చినది. 1985లో కొన్ని రకములను చేనేతకే కేటాయిస్తూ మరొక చట్టము చేసినారు. మొదట 22 రకములు. తరువాత 11కు తగ్గించినారు. ఈలోగా 1960వ దశకములో టెరిలిన్ వచ్చినది. నలగదు, ఇస్త్రీ అక్కరలేదు, ఏండ్ల తరబడి చిరగదు. జనము దానిని ఆదరించుటలో తప్పేమియు లేదు. అయితే నూరు గ్రాముల నూలుబట్ట గాలిలోని తేమను సుమారు ఎనిమిది గ్రాముల వరకు పీల్చుకోగలదు. టెరిలిన్ వంటి బట్ట అర గ్రామయినను పీల్చుకోదు. మే నెలలో చెమట ఎక్కడికి పోవలెనో ఈ లెక్కయే చెబుతుంది.

నేతగానికి కూడ ఋతువు ఉన్నదని మనము మరచిపోతాము. పడుగును వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, ఆరబెట్టవలెను. వాన పడితే ఆ పని ఆగుతుంది. గుంటమగ్గములోనికి నీరు ఊరితే నేత ఆగుతుంది, కూలి ఆగుతుంది. కావున మనము వేసవిలో కట్టే బట్ట శీతకాలపు పొడిగాలిలో తయారు కావలసినది. వేసవికి చేనేత కొనవలెనని ఏప్రిలులో తలచుట మంచిదే. సంక్రాంతికే చెప్పి ఉంచుట అంతకన్న మంచిది. వానకాలములో మగ్గము ఆగిన ఇంటికి ఆ బయానా గింజలవుతుంది.

ఇక ఈ చరిత్రనుండి బీరువాకు పనికివచ్చేది ఏమైనా ఉన్నదా? ఉన్నదనియే మా అభిప్రాయము. కొత్త బట్టలు కొనేముందు, గడచిన వేసవిలో నిజముగా ఎన్నిటిని కట్టినామో లెక్క చూడవలెను. రోజూ బయటికి పోయేవారికి, వారమునకు రెండుమార్లు ఉతుకు పడే ఇంటిలో, అయిదారు జతలు చాలును. వాటిలో ప్రతి ఒక్కటి కనీసము మరి రెంటితో జతకుదరవలెను. ఉత్తరీయము నేర్పిన పాఠము అదే. నూలు నెంబరు అడిగి కొనుట నేర్చుకోవలెను. ఒక పౌను నూలులో 840 గజముల చిలపలు ఎన్ని వస్తే అది అన్నవ నెంబరు. 40వ నెంబరు నూలు ముతకగా ఉండి మన్నుతుంది. 80, 100 నెంబర్లు చల్లగా ఉంటాయి గాని ఉతుకులో సుకుమారము చూపవలెను. కుట్టించే బట్టను ముందుగా ఒకసారి నీట తడిపి ఆరవేయవలెను. చంకలు వదులుగా పెట్టించవలెను. గంజి పలుచగా పెట్టవలెను. చిక్కగా పెడితే నేతలోని సందులు మూసుకొని గాలి ఆడదు. వానకాలమునకు మాత్రము నూలులోనే పలుచనివి, త్వరగా ఆరేవి ఎంచుకొని, మందపువి పండుగలకు దాచవలెను. తడిసిన మందపు నూలుబట్ట రెండు దినములైనను ఆరదు. ఆ రోజులలో నూలు కలిసిన మిశ్రమబట్టను కట్టుకొనుట దేశద్రోహమేమియు కాదు.

చివరిగా ఒక మాట. పెండ్లికి పట్టుచీర కొని చేనేతను ఆదరించినామని మనము తృప్తిపడుతున్నాము. పట్టుచీర ఏడాదికి ఒకటి. వాట్సన్ నూటఅరువది ఏండ్ల క్రిందట గ్రహించిన రహస్యము వేరు. మగ్గము బ్రతికేది, చచ్చేది జనము రోజూ కట్టే బట్టతోనే. ఈ వేసవికి కొనే అయిదారు జతలలో రెండయినను చీరాలవో, మంగళగిరివో, నారాయణపేటవో, పొందూరువో అయినచో, మన ఒంటికి చల్లదనము కలుగుతుంది. ఎక్కడనో ఒక వీధిలో పడుగు సాగుతుంది.