ఉమ్మెత్త నుంచి మాత్ర వరకు: మూత్రనియంత్రణ ఔషధాల చరిత్ర – ఒక పరిశీలన

ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల బీళ్లలో పెరిగే ఉమ్మెత్తను అందరూ విషమొక్కగానే ఎరుగుదురు. దీనిలోని అట్రోపిన్ వర్గపు రసాయనాలే మూత్రనియంత్రణ ఔషధాలకు మూలం. 19వ శతాబ్దంలో ఐరోపా వైద్యులు ఉమ్మెత్త కుటుంబానికే చెందిన బెల్లడోనాను పక్క తడిపే పిల్లలకు ఇచ్చేవారు. మూత్రాశయ కండరాన్ని ముడుచుకొమ్మనే ఎసిటైల్‌కోలిన్ సంకేతాన్ని అట్రోపిన్ అడ్డుకుంటుంది. 1975లో అమెరికాలో ఆమోదం పొందిన ఆక్సీబ్యుటినిన్‌దీ ఇదే సూత్రం; నోరెండటం, మలబద్ధకం, వృద్ధుల్లో మతిమరుపు దాని దుష్ఫలితాలు. 2012లో అక్కడే ఆమోదం పొందిన మిరాబెగ్రాన్ వేరొక గ్రాహకం ద్వారా కండరాన్ని సడలిస్తుంది.

అయితే ఈ మందులు ఆపుకోలేని ఆతురతకే పనిచేస్తాయి. కాన్పుల తరువాత దగ్గినా, కట్టెలమోపు ఎత్తినా జారే మూత్రానికి కటి కండరాల వ్యాయామమే తొలి చికిత్స. సిగ్గుతో దాచుకున్న స్త్రీకి ఈ తేడా తెలిసే అవకాశమే లేదు. కనుక ఔషధ చరిత్రలో చెప్పుకోగలగడమే మొదటి అధ్యాయం.