జరుగనివాటి జ్ఞాపకములు

రెండు నెలలుగా మంచము దిగని ఓరుగల్లు రోగి యొకడు "నిన్న హనుమకొండ పోయి వేయిస్తంభముల గుడి చూచి వచ్చితిని" అని నిబ్బరముగా చెప్పెననుకొందము. వినువారు అతనిని అబద్ధాలకోరనుకొందురు. అతనికి మాత్రము అది తాను ఎరిగిన సత్యమే.

ఇట్టి రోగులను 1887 మొదలు నిశితముగా వర్ణించినవాడు మాస్కో వైద్యుడు సెర్గీ కోర్సకోవ్. వారు తెలివిగా మాటలాడుదురు, చదరంగము ఆడుదురు. కాని అయిదు నిమిషముల క్రిందట వచ్చి పోయిన వైద్యుని ఎరుగరు. నెలల తరబడి పడకలోనున్న మనిషి, నిన్న బండిలో పట్టణమునకు పోయి వచ్చితినని చెప్పును. కోర్సకోవ్ వీటిని మిథ్యాస్మృతులనెను. ఇవి వట్టి శూన్యము నుండి పుట్టినవి కావు. బండి నిజము, పట్టణము నిజము, ప్రయాణమును ఎన్నడో చేసినదే. తప్పినది చాలవరకు కాలము మాత్రమే.

ఎప్పటెప్పటివో జ్ఞాపకములు మనకును మనస్సున మెదలుచుండును. వానిలో ఇప్పటికి సంబంధింపని వానిని మెదడు ముందుభాగము త్రోసివేయుచుండునని నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. ఆ వడపోత చెడినప్పుడు పాత సంగతి నిన్నటిదై నిలుచును. ఉద్యోగము మానిన ఏండ్లకు, కచేరీకి వేళయైనదని లేచి బయలుదేరు రోగులు కలరు. అబద్ధమాడువాడు ఇంతపని చేయునా?

కోర్సకోవ్ రోగులలో పలువురు త్రాగుడు మరిగినవారు. కాని టైఫాయిడు తరువాత, ప్రసవము తరువాత జబ్బుపడినవారును ఉండిరి. రక్తములో ఏదో విషము చేరినదని ఆయన ఊహించెను. ఆనాటికి అంతకంటె మేలైన ఊహ దొరకదు. అసలు ముఖ్యకారణము విషము గాదు, లోటు: థయమిన్ అను బి-1 విటమిను చాలకపోవుట.

ఈ లోటు తెలుగువారికి క్రొత్తది కాదు. ఉత్తర సర్కారులలోని బెరిబెరి వ్యాధిని గూర్చి మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే మద్రాసున గ్రంథము ప్రకటించెను. పచ్చిబియ్యమును తెల్లగా మరపట్టినచో థయమిన్ తవుడుతో పోవును. ఉప్పుడు బియ్యములో చాలవరకు నిలుచును. ఆ థయమిన్‌ను 1936లో కృత్రిమముగా తయారుచేసిన అమెరికన్ రసాయనవేత్త రాబర్ట్ విలియమ్స్ పుట్టినది (1886) మన నెల్లూరులోనే!

బెరిబెరిలో నరములను, గుండెను క్రుంగదీయు లోటే మెదడునకును తగులునని 1947లో రుజువు దొరకెను. సింగపూరులో తెల్లబియ్యము తిని బ్రదికిన యుద్ధఖైదీలలో డివార్డెనర్, లెనాక్స్ అను వైద్యులు దానిని గమనించిరి. వారి జబ్బునకు మద్యము కారణము కాదు.

నడక తూలుట, కనుగ్రుడ్లు నిలువక కదలుట, మనస్సు కలవరపడుట కనబడగనే థయమిన్ సూదిమందు వేసినచో జ్ఞాపకశక్తి దక్కవచ్చును. ఆలస్యమైనచో మరపు మిగులును. కల్పిత కథలు మాత్రము పలువురిలో కాలక్రమమున సన్నగిల్లును. అప్పుడు నిన్నటి సంగతి అడిగినచో, రోగి తనకు తెలియదని చెప్పును.