పేరు దక్కని గుట్టలు

హైదరాబాద్ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూగర్భంలో గడ్డకట్టిన గ్రానైటు, మీది పొరలు అరిగి కొట్టుకుపోయాక బయటపడింది. నెర్రెల్లోకి వాన నీళ్లు దిగి, ఎండకూ చలికీ పెచ్చులు రాలి, చివరికి గుండు మీద గుండు నిలిచింది. గోల్కొండ కట్టినవాళ్లు చాలాచోట్ల ఆ గుండ్ల జోలికి పోకుండా గోడను వాటి మధ్యగా నడిపించారు, బండనే కోటలో కలుపుకున్నారు. కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువుదీ ఈ గుట్టల ఒడే.

అంత కాలం నిలిచినవాటిలో చాలావరకు కొద్ది తరాల్లోనే పోయాయి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఆ తర్వాత రాయదుర్గం, మణికొండ, పుప్పాలగూడ, కోకాపేట.

గుట్ట చావు చూసినవాళ్లు మరిచిపోలేరు. ముందు బండకు వరసగా బెజ్జాలు వేస్తారు. మందు కూరి, ఎర్రజెండా చూపి, ఈల వేసి బళ్లను ఆపుతారు. నేల అదురుతుంది. దుమ్ము తగ్గాక పగిలిన ముఖం కనబడుతుంది. బయటి పక్క నల్లటి వాన చారలు, నాచు మచ్చలు. లోపల గులాబీ, బూడిద రంగుల్లో అభ్రకం తళుకు. 250 కోట్ల ఏళ్లలో ఆ ముఖానికి అదే తొలి ఎండ. కొన్నాళ్లకు అది కంకర. సందుల్లో పెరిగిన సీతాఫలం చెట్లను, ముళ్లపందుల బొరియలను ఎవరూ లెక్కలో రాసుకోరు.

కాపాడాలని చూసినవాళ్లు లేకపోలేదు. రాళ్ల పరిరక్షణ కోసం 1996లో ఒక సొసైటీ పుట్టింది. వాళ్ల పట్టుదల వల్ల తొమ్మిది శిలారూపాలు హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 13వ నిబంధన కింద వారసత్వ జాబితాకెక్కాయి. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కు, సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు రాయి, మౌలాలి దగ్గర కావలి రాయి అందులోవే. వాళ్లు చేసింది గొప్ప పని. అయినా నన్ను బాధించేది ఒకటుంది. ఎక్కువగా ఏదో ఒక పోలిక దొరికిన రాళ్లకే పేరొచ్చింది, ఎక్కువగా పేరున్నవాటికే రక్షణ దొరికింది. చెరువులోకి నీళ్లు దించే మామూలు వాలుకు, ఏ జంతువునూ పోలని బోడిగుట్టకు పోలికా లేదు, పేరూ లేదు. నీటిని పట్టి వదిలేవి, నక్కలకూ నెమళ్లకూ చోటిచ్చేవి అవే. ముందు పోయినవీ అవే.

2015లో ఆ 13వ నిబంధననే తీసేశారు. జాబితాకున్న కాస్త బలమూ దానితో పోయింది.

ఖాజాగూడ గుట్టల మీద ఇప్పటికీ కుర్రాళ్లు బండలెక్కడం నేర్చుకుంటున్నారు. కనీసం వాటినైనా వాలుతో, కాలువతో, చెరువుతో సహా ఒకే హద్దు గీసి ప్రజల స్థలమని రికార్డుల్లోకి ఎక్కించాలి. మణికొండకు ఆ పని చెయ్యాల్సిన రోజుల్లో మనం గజం ధర ఎంత పెరిగిందో మాట్లాడుకున్నాం.